పేరుకు 'రాజుల' ఓడ

సముద్రమట్టానికి మూడు వేల అడుగుల ఎత్తున ఉన్న మన బెంగళూరులో ఓడల ముచ్చట ఏమిటా అని పాఠకులు అనుకోవచ్చు. ఇక్కడి నుంచి మద్రాసు రేవు సుమారు 360 కిలోమీటర్లు. అయినా నేను చెప్పబోయే ఓడ కథను మన బిన్నీపేట నుంచే మొదలుపెట్టవచ్చు.

బిన్నీ మిల్లు పేరు వినని పాత బెంగళూరువాసి ఉండడు. 1884లో పెట్టిన ఆ మిల్లు 1886లో మద్రాసుకు చెందిన బిన్నీ కంపెనీ అజమాయిషీలోకి వచ్చింది. దాని కంబళ్ళకు, ఉన్ని బట్టలకు దేశమంతటా పేరుండేది. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ సైన్యానికి బట్ట సరఫరా చేసింది. ఇప్పుడు మిల్లు లేదు. ఆ స్థలంలో ఎత్తయిన అపార్ట్‌మెంట్లు లేచాయి. పేట పేరు మాత్రం మిగిలింది.

ఇదే బిన్నీ కంపెనీకి మద్రాసులో మరో వ్యాపారం ఉండేది. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీకి అక్కడ ఏజెంట్లు వాళ్ళే. ఇక్కడ కంబళ్ళు నేయించిన చేతులే అక్కడ ఓడల వ్యవహారం నడిపేవన్నమాట. ఆ ఓడల్లో దక్షిణాది జనం నోట ఎక్కువగా నానిన పేరు 'రాజులా'. గుజరాత్‌లో ఆ పేరుతో ఒక ఊరుంది. ఆ కంపెనీ తన ఓడలకు 'ఆ'తో ముగిసే పేర్లు, ముఖ్యంగా మన దేశపు ఊళ్ళ పేర్లు పెట్టేది. తెలుగు చెవికి మాత్రం అది 'రాజుల ఓడ'గా వినిపిస్తుంది. అందులో ప్రయాణం చేసిన వాళ్ళెవరో తెలిస్తే ఆ పేరుకు నవ్వాలో, నిట్టూర్చాలో తోచదు.

ఆ కంపెనీ చరిత్ర కొంచెం చెప్పాలి. విలియం మాకిన్నన్ అనే స్కాట్లండు వర్తకుడు 1856లో కలకత్తా, రంగూన్ల మధ్య టపా మోయడానికి ఒక సంస్థ పెట్టాడు. 1862లో దానికి బ్రిటిష్ ఇండియా అనే పేరు వచ్చింది. 1914లో అది పి అండ్ ఓ కంపెనీతో కలిసింది. మన విశాఖ, కాకినాడ ప్రాంతాల వాళ్ళు 'రంగం వెళ్ళాడు' అంటే ఆ రంగం రంగూనే. బంగాళాఖాతం మీద జనాన్ని అటూ ఇటూ చేరవేసిన వ్యాపారంలో పెద్ద వాటా ఈ కంపెనీదే.

1926లో ఈ కంపెనీకి రెండు ఓడలు తయారయ్యాయి. రాజులా గ్లాస్గోలో, బార్క్లే కర్ల్ వారి కార్ఖానాలో పుట్టింది. రోహ్నా ఇంగ్లండులో టైన్ నది ఒడ్డున, హాథార్న్ లెస్లీ వారి కార్ఖానాలో పుట్టింది. రెండూ మద్రాసు నుంచి నాగపట్నం, పినాంగ్ మీదుగా సింగపూరు వెళ్ళే దారి కోసం కట్టినవే. ఒక నమూనా మీద తయారైన అక్కచెల్లెళ్ళని చెప్పుకోవచ్చు.

పద్దులు చూసే ఉద్యోగం కాబట్టి నా చూపు ముందు అంకెల మీద పడింది. రాజులా ఎనిమిదిన్నర వేల టన్నుల ఓడ. అందులో పడకగదుల్లో వెళ్ళే మొదటి, రెండో తరగతి వాళ్ళు కొద్దిమంది. మిగిలినవారంతా డెక్కు ప్రయాణికులు. మొదట్లో ఆ ఓడకు ఇచ్చిన అనుమతి పత్రం ప్రకారం ఎంతమంది డెక్కు ప్రయాణికులను ఎక్కించుకోవచ్చో తెలుసా? ఐదు వేలకు పైగా! టైటానిక్ 46 వేల టన్నుల ఓడ. మునిగిన రోజు అందులో ఉన్నది సుమారు 2,200 మంది. అందులో ఐదో వంతు కూడా లేని ఓడలో అంతకు రెట్టింపు కంటే ఎక్కువమందికి అనుమతి. ఈ రోజు మనం సింగపూరు వెళ్ళే విమానంలో రెండు వందల మంది పడతారనుకుంటే, పాతిక విమానాల జనం ఒక్క ఓడలో అన్నమాట.

డెక్కు ప్రయాణమంటే పడక ఉండదు, కుర్చీ ఉండదు. ఎవరి చాప వాళ్ళది. రేకు పెట్టె తలగడ. పెట్టెకూ పెట్టెకూ నడుమ దొరికిన జానెడు చోటే ఇల్లు. చట్టం భాషలో వీళ్ళు బెర్తు లేని ప్రయాణికులు. అలా వారం రోజులు గడపాలి.

మా అమ్మాయి సింగపూరులో ఉద్యోగం చేస్తోంది. బెంగళూరులో విమానమెక్కితే నాలుగున్నర గంటల్లో దిగిపోతాం. నిరుడు అక్కడికి వెళ్ళే ముందు, ఆ పాత దారిలో కొంతైనా చూడాలనిపించింది. మా ఆవిడతో కలిసి ముందు చెన్నై, నాగపట్నం చూసి వచ్చాను. తరువాత సింగపూరు నుంచి పినాంగ్, అక్కడి నుంచి పేరాక్ రాష్ట్రంలోని తెలుగు పల్లెలు చూశాను.

చెన్నైలో రేవు ఎదుట ఉన్న వీధిని ఇప్పుడు రాజాజీ సాలై అంటారు. పూర్వం అది ఫస్ట్ లైన్ బీచ్. పాత ఇంపీరియల్ బ్యాంకు భవనం, పెద్ద పోస్టాఫీసు, ఎర్ర ఇటుకల మేడలు వరసగా ఉన్నాయి. ఒకప్పుడు అలలు ఆ వీధి అంచు దాకా వచ్చేవట. ఇప్పుడు రేవు గోడ, లారీలు, కంటెయినర్లు. సముద్రం కనబడదు. మలయా వెళ్ళే కూలీలను ఓడ ఎక్కించే ముందు ఉంచే శిబిరాలు రెండు ఉండేవి. ఒకటి మద్రాసు దగ్గర ఆవడిలో, మరొకటి నాగపట్నంలో. ఆవడి అంటే ఇప్పుడు మనకు గుర్తొచ్చేది యుద్ధ ట్యాంకుల కార్ఖానా.

నాగపట్నంలో పెద్ద ఓడ ఒడ్డుకు చేరే లోతు లేదు. రాజులా దూరంగా లంగరు వేసుకుని నిలబడేది. జనం పడవల్లో వెళ్ళి ఓడ ఎక్కాలి. చంకలో బిడ్డ, నెత్తిన మూట, కింద ఊగే పడవ. లైట్‌హౌస్ దగ్గర నిలబడి ఆ దృశ్యం ఊహించుకుంటే ఎంత గుండెధైర్యం కావాలో అర్థమైంది. సముద్రం దాటడమే తప్పని నమ్మిన రోజుల్లో బయల్దేరిన మనుషులు వాళ్ళు.

వీళ్ళలో ఎక్కువమంది తమిళులు. మనవాళ్ళ సంఖ్య వాళ్ళతో పోలిస్తే తక్కువే కాని, చిన్నదేమీ కాదు. ముఖ్యంగా పాత విశాఖపట్నం జిల్లా పల్లెల నుంచి వెళ్ళారు. ఇప్పటి శ్రీకాకుళం, విజయనగరం కూడా అప్పట్లో చాలావరకు అందులోవే. మొదట్లో ఒప్పందపు కూలీ పద్ధతి ఉండేది. మలయాలో అది 1910లో ఆగింది. ఆ తరువాత కంగాణీ పద్ధతి బలపడింది. కంగాణీ అంటే తోటలో మేస్త్రీ. దొర ఇచ్చిన డబ్బుతో సొంత ఊరు వచ్చి, బంధువులను, తెలిసినవాళ్ళను వెంటబెట్టుకుపోయేవాడు. తలకింత అని అతనికి ముట్టేది. మనిషికి ఖర్చు పెట్టి, మనిషి పని మీద రాబట్టుకునే లెక్క అది. రబ్బరు ధర పెరిగితే ఓడ నిండేది. 1930ల మాంద్యంలో ధర పడిపోతే అదే ఓడ పని లేనివాళ్ళను వెనక్కి తెచ్చేది. చివరికి 1938లో భారత ప్రభుత్వం ఈ రకం కూలీ వలసను నిలిపివేసింది.

మరుసటి ఏడే యుద్ధం వచ్చింది. రాజులా, రోహ్నా రెండూ సైనికులను మోసే ఓడలయ్యాయి. ఇక్కడే నాకొక ఆలోచన తట్టింది. ఐదు వేల మందిని డెక్కు మీద సర్దడానికి కట్టిన ఓడను సైన్యానికి అప్పగించడానికి పెద్దగా మార్చవలసిందేముంది? కూలీ పడుకున్న చోట సిపాయి పడుకున్నాడు. లెక్క అదే, మనిషి మారాడు.

రోహ్నా కథ చాలామందికి తెలియదు. 1943 నవంబరులో అది అల్జీరియాలోని ఒరాన్ రేవు నుంచి 1,981 మంది అమెరికన్ సైనికులతో బయల్దేరింది. వాళ్ళు రావలసింది మన దేశానికే. బర్మా, చైనా రంగంలో పనిచేయడానికి వస్తున్నారు. నవంబరు 26 సాయంత్రం మధ్యధరా సముద్రంలో జర్మన్ విమానాలు ఆ ఓడల గుంపు మీద పడ్డాయి. ఒక విమానం హెన్షెల్ 293 అనే బాంబు వదిలింది. అది మామూలు బాంబు కాదు. రెక్కలుంటాయి, రేడియో సంకేతాలతో విమానంలోంచే దాని దారి తిప్పవచ్చు. ఇప్పటి క్షిపణులకు తాతలాంటిది. అది తిన్నగా వచ్చి రోహ్నా పక్కలో దిగింది. గంటన్నరలోపే ఓడ మునిగిపోయింది. 22 ప్రాణరక్షక పడవలున్నా నీళ్ళలోకి దిగినవి ఎనిమిదే. పయనీర్ అనే అమెరికన్ నౌక చీకట్లో 606 మందిని నీళ్ళలోంచి పైకి లాగింది.

చనిపోయిన అమెరికన్ సైనికులు 1,015 మంది. శత్రువు దాడి వల్ల సముద్రం మీద ఒకే ఓడలో అంతమంది సైనికులను అమెరికా మరెప్పుడూ పోగొట్టుకోలేదు. తమ ఆయుధం ఎంత బాగా పనిచేసిందో జర్మన్లకు తెలియకూడదని ఆ ప్రభుత్వం విషయం దాచిపెట్టింది. యుద్ధం ముగిశాక కూడా చాలాకాలం పూర్తి వివరాలు బయటికి రాలేదు. కొడుకు ఎలా పోయాడో తెలియకుండానే ఎందరో తల్లిదండ్రులు కన్నుమూశారు. బతికి బయటపడ్డవాళ్ళు, పోయినవాళ్ళ పిల్లలు పట్టుబట్టి తవ్వి తీస్తే, 1990లలో కాని ఆ కథ జనంలోకి రాలేదు. అలబామా రాష్ట్రంలో వాళ్ళకు స్మారకం లేచింది. 2000లో అమెరికా పార్లమెంటు తీర్మానం చేసి వాళ్ళను గౌరవించింది.

అదే ఓడలో పనిచేసిన కళాసీల సంగతి? ఓడ సిబ్బందిలో 195 మంది కింది తరగతి నావికులు. దాదాపు అందరూ మన దేశం వాళ్ళే. వాళ్ళలో 117 మంది పోయారు. అంటే నూటికి అరవై మంది. బతికిన అమెరికన్లలో కొందరు, సిబ్బంది తమ ప్రాణాలే ముందు చూసుకున్నారని నిందించారు. పడవలు తుప్పు పట్టి కదలలేదన్నారు. ఆ గందరగోళంలో ఎవరేం చేశారో నేను తీర్పు చెప్పలేను. కాని నూటికి అరవై మంది చచ్చిపోయిన గుంపును తప్పించుకుపోయిన గుంపు అనడం ఏ లెక్కకూ నిలవదు. యుద్ధంలో పోయిన భారతీయ వాణిజ్య నావికుల కోసం బొంబాయిలో, చిట్టగాంగులో స్మారకాలున్నాయి. దాదాపు ఆరు వేల మంది పేర్లు అక్కడి పుస్తకాల్లో రాసి ఉంచారు. మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో వాళ్ళ గురించి ఒక్క వాక్యం కూడా నాకు కనబడలేదు.

ఈలోగా మలయాలో ఏం జరిగింది? 1941 డిసెంబరు 8న జపాన్ సేనలు దిగాయి. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు లొంగిపోయింది. మన హలసూరు కేంద్రంగా ఉన్న మద్రాసు శాపర్లలోనూ కొందరు మలయాలో పోరాడి బందీలయ్యారు. ఆ పటాలంలో తెలుగువాళ్ళు తరతరాలుగా ఉన్నారు. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద కూడా బాంబులు పడ్డాయి. సముద్రం మూసుకుపోయింది. మూడున్నరేళ్ళకు పైగా మద్రాసు నుంచి పినాంగుకు ఓడ లేదు, ఉత్తరం లేదు, మనియార్డరు లేదు. తోటల్లో తిండికి కరువొచ్చింది. సయాం నుంచి బర్మాకు జపాన్ వాళ్ళు వేయించిన రైలుమార్గం కోసం తమిళ, తెలుగు కూలీలను వేలాదిగా పట్టుకుపోయారు. కలరాతో, మలేరియాతో, దెబ్బలతో అక్కడి అడవుల్లో పోయినవాళ్ళకు సరైన లెక్క లేదు. బందీలైన తెల్ల సైనికుల సమాధులు ఆ దారిలోని శ్మశానాల్లో వరసలుగా, పేర్లతో ఉన్నాయి. మన కూలీలకు అలాంటి వరసలు లేవు.

యుద్ధం ముగిశాక చెల్లెలు లేకుండా రాజులా ఒక్కటే పాత దారికి తిరిగి వచ్చింది. ఆ పైన పాతికేళ్ళకు పైగా అదే నడక. మద్రాసు, నాగపట్నం, పినాంగ్, పోర్ట్ స్వెటెన్‌హామ్, సింగపూరు. కూలీల గుంపులు పోయి, కుటుంబాలు, చిన్న వర్తకులు, పెళ్ళిళ్ళకు వచ్చిపోయేవాళ్ళు, చదువులకు వెళ్ళే పిల్లలు ప్రయాణికులయ్యారు. డెక్కు మీద ఎక్కించుకునే సంఖ్యనూ బాగా తగ్గించారు.

పినాంగులో ఓడలు ఆగే స్వెటెన్‌హామ్ రేవు ఇప్పుడు విహార నౌకలది. అక్కడికి దక్షిణాన జెరెజాక్ అనే పచ్చని దీవి కనిపిస్తుంది. వచ్చిన కూలీలకు మశూచి, కలరా లాంటివి ఉన్నాయేమోనని ముందు ఆ దీవిలో దించి, కొన్నాళ్ళు ఉంచి, తరువాత తోటలకు పంపేవారు. బీచి హోటళ్ళ కోసం వచ్చే మనవాళ్ళు ఆ దీవిని చూసి ఫొటో తీసుకుంటారు. అదేమిటని అడిగేవాళ్ళు తక్కువ.

అక్కడి నుంచి పేరాక్ రాష్ట్రంలో తెలుక్ ఇంతాన్, బాగాన్ దాతుక్ వైపు వెళ్ళాం. కొబ్బరితోటలు చూస్తే కోనసీమలో ఉన్నట్టే అనిపించింది. తెలుగువాళ్ళు గుంపుగా స్థిరపడిన చోట్లలో ఇదొకటి. తోటల్లో రామభజన మందిరాలు కట్టుకున్నారు. ఒకప్పుడు తెలుగు బళ్ళు కూడా నడుపుకున్నారు. 1950లలోనే సంఘం పెట్టుకుని భాషను కాపాడుకోవడానికి ఇప్పటికీ తంటాలు పడుతున్నారు. మన బెంగళూరులో పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పడానికి మనం పడే పాట్లు తలచుకుంటే, వాళ్ళ ముందు మనది పెద్ద కష్టమేమీ కాదు.

అక్కడ ఒక మందిరం అరుగు మీద ఎనభై ఏళ్ళు దాటిన పెద్దావిడ కనిపించింది. "అమ్మా, మీరు రాజులా ఎక్కారా?" అని అడిగాను. ఆమె ముఖం వెలిగింది.

"ఎక్కకేటి బాబూ! నాకు ఏడేళ్ళు. మా అమ్మ, నేను, తమ్ముడు. మా అయ్య ముందే ఇక్కడ ఉన్నాడు. వారం రోజులూ మా అమ్మ తల ఎత్తలేదు, ఒకటే వాంతులు. నేనూ తమ్ముడూ పెట్టెల మీద గెంతుకుంటా ఆడుకున్నాం. దిగినాక మూడ్రోజులు నేల ఊగినట్టే ఉండేది."

"మళ్ళీ ఊరు వెళ్ళారా?"

"మా అమ్మ ఎళ్ళనే లేదు. ఎళ్దాం ఎళ్దాం అనుకుంటానే పోయింది. ఊరి పేరు చెప్పమంటే చెప్తాను. ఏ రైలు ఎక్కాలో మాత్రం తెలవదు."

ఆమె చెప్పిన ఊరు శ్రీకాకుళం జిల్లాలోది. నా నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఆమె తల్లి పేరు కూడా అడిగి రాసుకున్నాను. ఆమెకు అది ఆశ్చర్యంగా తోచింది. "దాని పేరు ఎందుకు బాబూ?" అంది.

1969 తరువాత మలేసియాలో పౌరసత్వం లేనివాళ్ళు పని అనుమతి తీసుకోవలసి వచ్చింది. అది దొరకని తోట కూలీలు వేల సంఖ్యలో ఇండియాకు తిరుగుముఖం పట్టారు. చాలామంది అక్కడే పుట్టి పెరిగినవాళ్ళు. వాళ్ళలో ఎందరినో మోసుకొచ్చింది రాజులాయే. తాతను తీసుకుపోయిన ఓడ మనవడిని తిరిగి తెచ్చింది. మనవడికి ఆ ఊళ్ళో ఇల్లూ లేదు, ఎరిగినవాళ్ళూ లేరు.

1973లో షిప్పింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా రాజులాను కొని, అండమాన్‌లోని ఒక ఊరి పేరు మీద 'రంగత్' అని పేరు మార్చింది. 1974లో బొంబాయిలో విడగొట్టి ఇనుముకు అమ్మేశారు. పుట్టి 48 ఏళ్ళు. బ్యాంకు పుస్తకాల్లో చెప్పాలంటే తరుగుదల ఎప్పుడో పూర్తయిన ఆస్తి. దాని తరువాత ఆ దారిలో 'చిదంబరం' అనే ఓడ నడిచింది. 1985 ఫిబ్రవరిలో అందులో మంటలు లేచి ప్రయాణికులు చనిపోయారు. దానితో ఆ దారిలో ప్రయాణికుల ఓడల కాలం ముగిసిపోయింది.

ఓడల చరిత్ర రాసేవాళ్ళు శాంతికాలం వేరు, యుద్ధకాలం వేరని రెండు భాగాలు చేస్తారు. డెక్కు మీద ప్రయాణం చేసినవాళ్ళ వైపు నుంచి చూస్తే ఆ గీత నాకు అంత స్పష్టంగా కనిపించలేదు. శాంతికాలంలోనూ వాళ్ళు వెళ్ళింది వేరెవరి లాభం కోసమో, వేరెవరి మాట మీదనో. పోయిన చోట జ్వరాలకు రాలిపోయారు. తేడా ఒక్కటే. యుద్ధంలో పోయిన సైనికుడి కోసం, యాభై ఏళ్ళు ఆలస్యమైనా, పిల్లలు వెతికారు, అడిగారు, రాయించారు. మనం మనవాళ్ళ కోసం అడగలేదు.

ఇప్పుడైనా అడగవచ్చు. ఈ పత్రిక చదివే కుటుంబాలలో ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవాళ్ళున్నారు, నెల్లూరు, చిత్తూరు నుంచి వచ్చినవాళ్ళున్నారు, దండు ప్రాంతంలో తరాలుగా ఉన్న పటాలం కుటుంబాలున్నాయి. రంగం వెళ్ళి తిరిగి రాని తాతయ్య, మలయాలో కాపురం చేసిన మేనత్త, ఓడలో కళాసీగా పనిచేసిన పెదనాన్న ఏ ఇంట్లో లేరు? రాజులా ఆగిపోయినప్పుడు పదేళ్ళున్నవాళ్ళకు ఇప్పుడు అరవై దాటాయి. పెద్దవాళ్ళుగా అందులో ప్రయాణం చేసినవాళ్ళు చాలా కొద్దిమందే మిగిలారు.

ఇంట్లో పెద్దవాళ్ళను కూర్చోబెట్టి అడగండి. మనిషి పేరు, సొంత ఊరు, ఎక్కిన రేవు, ఓడ పేరు, ఏ ఏడాదో. ఈ ఐదూ ఒక కాగితం మీద రాసి మన సంఘానికి పంపండి. వచ్చినవన్నీ ఒక పుస్తకంలో ఎక్కించే పని నేను తీసుకుంటాను. మొదటి పేజీలో మొదటి పేరు ఇప్పటికే ఉంది. అది బాగాన్ దాతుక్‌లో ఆ పెద్దావిడ చెప్పిన వాళ్ళ అమ్మ పేరు.